సంతకం అయింది, స్వాధీనం కాలేదు: ఆ మధ్యకాలంలో పేటెంట్ దావాల పగ్గం ఎవరిది?

2012 జనవరి 25న అమెరికాలోని ఫ్లోరిడా ఫెడరల్ కోర్టులో యాపిల్ మీద ఒక కొత్త పేటెంట్ దావా దాఖలైంది. ఐఫోన్ 4ఎస్, ఐక్లౌడ్ సేవ తమ పేటెంట్లను ఉల్లంఘిస్తున్నాయన్నది అందులోని ఫిర్యాదు. వాది పేరు మోటొరోలా మొబిలిటీ. పేటెంట్లు దానివే, వకీళ్లూ దాని తరఫువాళ్లే. అయినా ఆ దావాను మోటొరోలా ఒక్కటే తీసుకున్న నిర్ణయమని చెప్పడానికి వీల్లేదు. అప్పటికి అయిదు నెలల ముందే ఆ కంపెనీని కొనడానికి గూగుల్ ఒప్పందం చేసుకుంది; కొనుగోలు పూర్తికావడానికి ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉంది. ఈలోగా మోటొరోలా తన పేటెంట్లను చేతపట్టుకుని ఎవరిమీదనైనా కొత్తగా కోర్టుకెక్కాలంటే గూగుల్ సమ్మతి కావాలని ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. దావా పడిందంటే సమ్మతి దొరికిందనే అర్థం చేసుకోవాలి. వాదుల్లో మాత్రం గూగుల్ పేరు లేదు.

కంపెనీల కొనుగోళ్లలో సంతకం పెట్టే రోజు వేరు, యాజమాన్యం చేతులు మారే రోజు వేరు. గూగుల్ 2011 ఆగస్టు 15న మోటొరోలా మొబిలిటీని వాటాకు 40 డాలర్ల నగదు చొప్పున, మొత్తం సుమారు 1,250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అంతకు ముందటి శుక్రవారం నాటి ముగింపు ధర మీద అది 63 శాతం ఎక్కువ. మోటొరోలా వాటాదారులు నవంబరు 17న ఒప్పుకున్నారు. యూరోపియన్ కమిషన్, అమెరికా న్యాయశాఖ 2012 ఫిబ్రవరి 13న, ఒకే రోజున అనుమతులిచ్చాయి. చైనా మే 19 దాకా ఆగి, ఆండ్రాయిడ్‌ను కనీసం అయిదేళ్లపాటు ఉచితంగానే ఉంచాలన్న షరతు మీద ఊఁ అంది. మే 22న కొనుగోలు పూర్తయింది. మొత్తం తొమ్మిది నెలల ఒక వారం. అన్నాళ్లూ మోటొరోలా ఒక పక్క యాపిల్‌తోను, మరో పక్క మైక్రోసాఫ్ట్‌తోను రెండు ఖండాల కోర్టుల్లో తలపడుతూనే ఉంది. కోర్టు వాయిదాలు కొనుగోలు కోసం ఆగవు.

పొలం కొనేటప్పుడు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్న నాటి నుంచి రిజిస్ట్రేషను దాకా సాగే రోజులు ఇలాంటివే. ఆ పొలానికి గట్టు తగాదా ఒకటి కోర్టులో నలుగుతూ ఉంటే, కొనేవాడు ‘నాకు చెప్పకుండా పక్క చేను వాళ్లతో రాజీ పడవద్దు’ అని అమ్మేవాడి దగ్గర ముందే మాట తీసుకుంటాడు. పట్టా ఇంకా పాత యజమాని పేరునే ఉంది, బోనెక్కి సాక్ష్యం చెప్పాల్సిందీ ఆయనే. గట్టు ఎటు జరిగినా ఆ మేరకు లాభమో నష్టమో అనుభవించేది మాత్రం కొనేవాడు. కార్పొరేట్ ఒప్పందాల్లో ఈ నోటిమాటే అనేక పేజీల కట్టుబాట్లుగా మారుతుంది. కొనుగోలు పూర్తయ్యేదాకా అమ్మే కంపెనీ తన వ్యాపారాన్ని మామూలు పద్ధతిలోనే నడపాలి. కొత్త అప్పులు చేయడం, ఆస్తులు అమ్మడం, పెద్ద ఒప్పందాలు కుదుర్చుకోవడం, లైసెన్సులు ఇవ్వడం, వ్యాజ్యాలు వేయడం, రాజీ పడటం వంటి పనులకు కొనేవాడి రాతపూర్వక సమ్మతి కావాలి. దాదాపు ప్రతి పెద్ద కొనుగోలు ఒప్పందంలోనూ ఇలాంటి జాబితా కనిపిస్తుంది. చాలా ఒప్పందాల్లో అది లాంఛనం కిందే లెక్క. పేటెంట్ల కోసమే కంపెనీని కొంటున్నప్పుడు మాత్రం మొత్తం ఒప్పందానికి ఆయువుపట్టు అక్కడే ఉంటుంది.

గూగుల్ మోటొరోలాను ఫోన్ల కోసం కొనలేదన్న సంగతి అప్పట్లో అందరికీ తెలుసు. 2011 వేసవిలో దివాలా తీసిన నోర్టెల్ కంపెనీ పేటెంట్ల వేలంలో యాపిల్, మైక్రోసాఫ్ట్ ఉన్న బృందం 450 కోట్ల డాలర్లు పెట్టి ఆ సంపదను ఎగరేసుకుపోయింది, గూగుల్ ఓడిపోయింది. ఆండ్రాయిడ్ ఫోన్లు తయారుచేసే కంపెనీల మీద దావాలు వచ్చిపడుతున్నాయి, వాటిని ఎదుర్కోవడానికి గూగుల్ చేతిలో సొంత పేటెంట్లు తక్కువ. మోటొరోలా దగ్గర అప్పటికే మంజూరైనవి 17,000, దరఖాస్తు దశలో ఉన్నవి 7,500. వాటిని వాడుకునే హక్కు కొనుగోలుకు ముందే ఎవరికైనా ధారాదత్తమైపోతే గూగుల్ చేతికి వచ్చేది పదును పోయిన కత్తి.

అందుకే కొనేవాడికి అసలు భయం దావా వల్ల కాదు, రాజీ వల్ల. పేటెంట్ వ్యాజ్యాలు చాలావరకు తీర్పుతో ముగియవు. ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకునేలా లైసెన్సులు ఇచ్చిపుచ్చుకోవడంతో ముగుస్తాయి. అలా ఇచ్చిన లైసెన్సు కంపెనీ చేతులు మారినా చెల్లుతుంది. దావాలో ఓడిపోతే ఒకటో రెండో పేటెంట్లు పోతాయి. తొందరపాటు రాజీలో మొత్తం పేటెంట్ల మూటను ప్రత్యర్థికి పదేళ్లపాటు అప్పగించి రావచ్చు. 1,250 కోట్లు పెట్టి ఆయుధాగారాన్ని కొంటున్నవాడు, తాళాలు చేతికొచ్చేలోగా పాత యజమాని దాన్ని శత్రువుకే అద్దెకిచ్చి పోతాడేమోనని జాగ్రత్తపడటంలో ఆశ్చర్యమేమీ లేదు.

కొత్త దావాల సంగతి వేరు. పేటెంట్ దావా వేస్తే అవతలివాడు ఊరుకోడు. ప్రతిదావా వేస్తాడు, ఆ పేటెంటే చెల్లదని వాదిస్తాడు, వేరే దేశంలో ఇంకో దావాతో బదులు తీర్చుకుంటాడు. ఆ పర్యవసానాలన్నీ కొత్త యజమాని నెత్తిన పడతాయి. కాబట్టి అందులోనూ కొనేవాడు అడ్డుకట్ట కోరుకుంటాడు. అప్పటికే నడుస్తున్న దావాలు మాత్రం ఈ అడ్డుకట్టకు చాలావరకు ఇవతలే ఉండిపోతాయి. 2010 అక్టోబరులో మోటొరోలా యాపిల్ మీద వేసినవి, అదే నెలలో మైక్రోసాఫ్ట్ మోటొరోలా మీద వేసినవి, ఆ తరవాత జర్మనీకి విస్తరించినవి, అన్నీ గూగుల్ రంగంలోకి రాకముందువే. వాటిని నడపడం మామూలు వ్యాపార క్రమంలో భాగమే.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. ఈ కట్టుబాట్లు కొనేవాడికి ఇచ్చేది పగ్గం లాగే అధికారమే, చర్నాకోల కాదు. ‘ఈ దావా వేయవద్దు’ అని గూగుల్ అనగలదు. ‘ఈ దావా వేయి’ అని ఆదేశించలేదు. అందుకే గూగుల్ ప్రతినిధులు ఆ తొమ్మిది నెలలూ మోటొరోలా ఇంకా స్వతంత్ర సంస్థే అని చెప్పుకోగలిగారు. అది అబద్ధమేమీ కాదు, అలాగని నిజం మొత్తం కూడా కాదు. అడ్డు చెప్పగల హక్కు ఉన్నవాడి దగ్గరికి కాగితం వచ్చి, అతను అడ్డు చెప్పకుండా పంపించాడంటే అదీ నిర్ణయమే. ఫ్లోరిడా దావా అలాంటిదే. నడుస్తున్న దావాల విషయంలో గూగుల్ ప్రేక్షకుడినని అనుకోవచ్చు. జనవరి 25 నాటి దావా విషయంలో అలా అనుకోవడానికి తావు లేదు.

అమ్మేవాడి వైపు నుంచి చూస్తే లెక్క మరోలా ఉంటుంది. ధర వాటాకు 40 డాలర్లని ఖరారైపోయింది. మధ్యలో దావా గెలిచినా ఆ ధర పెరగదు, ఓడినా ఊరికే తగ్గదు. అలాంటప్పుడు వకీళ్లకు కోట్లు పోసి పోరాడటం ఎందుకన్న ప్రశ్న సహజం. జవాబు ఏమిటంటే, కొనుగోలు చెడిపోయే అవకాశం చివరి రోజు దాకా ఉంటుంది. ప్రభుత్వాల అనుమతులు రాక కొనుగోలు తప్పిపోతే గూగుల్ 250 కోట్ల డాలర్లు చెల్లించుకోవాలని ఒప్పందంలో ఉంది. అంత పెద్ద మొత్తం రాయించుకున్నారంటే మోటొరోలా బోర్డు ఆ ప్రమాదాన్ని ఎంత గట్టిగా లెక్కేసుకుందో తెలుస్తుంది. కొనుగోలు తప్పిన రోజున దావాలన్నీ చల్లబడి ఉంటే కంపెనీకి మిగిలేది అవమానమే. పైగా పేటెంట్ వ్యాజ్యంలో ఆలస్యానికి వెల ఉంటుంది. దావా వేసిన రోజు నుంచి ఆరేళ్లు వెనక్కి మాత్రమే నష్టపరిహారం అడగడానికి అమెరికా చట్టం ఒప్పుకుంటుంది, ఇంజంక్షన్ (అమ్మకాలు ఆపించే కోర్టు ఉత్తర్వు) కోరేవాడు తాత్సారం చేస్తే న్యాయమూర్తి నమ్మకం సడలుతుంది. కాబట్టి యుద్ధం ఆపడం కుదరదు, సంధి చేసుకోవడానికి స్వేచ్ఛ లేదు. మధ్యకాలంలో అమ్మే కంపెనీ వకీళ్లది ఈ ఇరకాటం.

ఇంతకూ కొనేవాడు ఎంత గట్టిగా పగ్గం బిగించవచ్చు? దీనికి హద్దు గీసేది పోటీ చట్టం. అమెరికాలో 1976 నాటి హార్ట్-స్కాట్-రోడినో చట్టం ప్రకారం పెద్ద కొనుగోళ్లను ముందుగా ప్రభుత్వానికి తెలిపి, నిరీక్షణ గడువు ముగిసేదాకా ఆగాలి. ఆలోగా కొనేవాడు కంపెనీని తనదే అన్నట్టు నడిపితే అది చట్ట ఉల్లంఘన కిందికి వస్తుంది. పరుగుపందెంలో తుపాకీ మోగకముందే పరుగందుకోవడంతో పోల్చి లాయర్లు దీన్ని గన్ జంపింగ్ అంటారు. గూగుల్-మోటొరోలా కాలంలో దీనికి జరిమానా రోజుకు 16,000 డాలర్ల దాకా ఉండేది. తరవాత అది మూడింతలు దాటింది.

ఈ హద్దు ఎక్కడుందో కోర్టు తీర్పుల కంటే రాజీ కుదిరిన కేసులే ఎక్కువ చెబుతాయి. కంప్యూటర్ అసోసియేట్స్ 1999లో ప్లాటినం టెక్నాలజీని కొంటూ, 20 శాతం మించి రాయితీ ఇవ్వాలంటే తన ఆమోదం కావాలని షరతు పెట్టింది. 2002లో 6,38,000 డాలర్లు చెల్లించి బయటపడింది. జెమ్‌స్టార్, టీవీ గైడ్ అన్న రెండు కంపెనీలు టీవీ తెరమీద కార్యక్రమాల పట్టిక చూపే పేటెంట్ల మీద ఒకదానితో ఒకటి కోర్టుల్లో కొట్లాడుకుని, చివరకు విలీనానికి సిద్ధపడ్డాయి. విలీనం పూర్తికాకముందే ధరలు, షరతులు కలిసి నిర్ణయించుకున్నాయని, కేబుల్ కంపెనీలతో బేరాలను కావాలని నెమ్మదింపజేశాయని న్యాయశాఖ ఆరోపించింది. 2003లో అవి కట్టిన 56 లక్షల 70 వేల డాలర్లు అప్పటికి ఈ ఉల్లంఘనకు అతి పెద్ద జరిమానా.

పేటెంట్ల దృష్టితో చూస్తే వీటన్నిటికన్నా ముఖ్యమైనది క్వాల్‌కామ్ కేసు. 2005లో క్వాల్‌కామ్ సుమారు 60 కోట్ల డాలర్లకు ఫ్లారియన్ అనే వైర్‌లెస్ సాంకేతిక కంపెనీని కొనడానికి ఒప్పందం రాసుకుంది. ఫ్లారియన్ తన మేధాసంపత్తికి ఎవరికైనా లైసెన్సు ఇవ్వాలన్నా, కొత్త ఖాతాదారుల ముందు ప్రతిపాదన పెట్టాలన్నా క్వాల్‌కామ్ సమ్మతి కావాలన్నది అందులో షరతు. ఇది మామూలు జాగ్రత్తను దాటిపోయిందని న్యాయశాఖ అభిప్రాయపడింది. 2006 ఏప్రిల్‌లో 18 లక్షల డాలర్ల జరిమానాతో విషయం ముగిసింది. క్వాల్‌కామ్ బతుకే లైసెన్సు రుసుముల మీద. ఆ సంస్థ ఇంకో వైర్‌లెస్ కంపెనీ లైసెన్సుల మీద ముందుగానే చెయ్యి వేయడమంటే, ఇద్దరు పోటీదారుల్లో ఒకరు మరొకరి దుకాణం తలుపు మూసినట్టే. యూరప్ ఇంకా కఠినంగా వ్యవహరించింది. ఆల్టీస్ సంస్థ పీటీ పోర్చుగల్‌ను కొనే ఒప్పందంలో రాసుకున్న వీటో హక్కులే, అవి వాడినా వాడకపోయినా, ముందస్తు పెత్తనం కిందికి వస్తాయని భావించిన యూరోపియన్ కమిషన్ 2018లో 12.45 కోట్ల యూరోల జరిమానా వేసింది. కోర్టు అందులో కొద్ది మొత్తం తగ్గించినా తప్పు తప్పేనంది.

ఈ కొలబద్దతో చూస్తే గూగుల్ కోరిన సమ్మతి హక్కు పెద్దగా అభ్యంతరకరం కాదనే చెప్పాలి. అప్పటికి గూగుల్ ఫోన్ల తయారీదారు కాదు, మోటొరోలాకు నేరుగా పోటీదారూ కాదు. కొత్త దావాలకు అనుమతి అడగమనడం, ఖాతాదారులకు ఇచ్చే ధరల్లో వేలు పెట్టడం ఒకటి కావు. మొదటిది కొంటున్న ఆస్తిని కాపాడుకోవడం. రెండోది మార్కెట్టును తారుమారు చేయడం. అయితే పేటెంట్ దావాలో ఈ రెండింటి మధ్య గీత తేలికగా చెరిగిపోతుంది, ఎందుకంటే పేటెంట్ దావా లక్ష్యమే పోటీదారు సరుకును అంగడి నుంచి తీయించడం.

సమ్మతి ఇవ్వాలంటే ముందు విషయం తెలియాలి. ఫలానా దావా వేద్దామా వద్దా అని కొనేవాడు తేల్చుకోవాలంటే ఆ పేటెంటు ఎంత గట్టిది, ఓడిపోయే ప్రమాదం ఎంత అన్నది అమ్మేవాడి వకీలు చెప్పాలి. వకీలు తన కక్షిదారుకు ఇచ్చే సలహా రహస్యం. మూడోవాడికి చెబితే ఆ రహస్య రక్షణ పోయి, ప్రత్యర్థి దాన్ని కోర్టులో బయటపెట్టమని అడగవచ్చు. సంతకానికీ స్వాధీనానికీ మధ్య కొనేవాడు మూడోవాడా, సొంతవాడా? 1987లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు హ్యూలెట్-ప్యాకార్డ్, బాష్ అండ్ లాంబ్ కేసులో ఉదారంగా వ్యవహరించింది: ఒక విభాగాన్ని కొనాలనుకున్న సంస్థకు పేటెంట్ వకీలు అభిప్రాయ పత్రం చూపించినంత మాత్రాన రహస్య రక్షణ పోదంది. న్యూయార్క్ అత్యున్నత కోర్టు 2016 జూన్‌లో అంత ఉదారంగా లేదు. బ్యాంక్ ఆఫ్ అమెరికా, కంట్రీవైడ్ విలీన ఒప్పందం మీద సంతకం చేశాక, విలీనం పూర్తికాకముందు తమలో తాము పంచుకున్న న్యాయ సలహాల గురించి అంబాక్ అనే బీమా సంస్థ వేసిన కేసు అది. నడుస్తున్న వ్యాజ్యమో, రాబోతుందని సహేతుకంగా ఊహించదగిన వ్యాజ్యమో ఉంటేనే ఉమ్మడి ప్రయోజనం పేరుతో రహస్యం నిలుస్తుందని, విలీనం కాబోతోందన్న ఒక్క కారణం చాలదని కోర్టు తేల్చింది. వ్యాజ్యాల్లో ఉన్న పేటెంట్ల వరకు ఈ తీర్పు కొంత ఊరటే. ఇంకా దావా దాకా పోని పేటెంట్ల మీద సలహాలు పంచుకునేటప్పుడు మాత్రం ప్రతి ఈమెయిలూ రేపు ప్రత్యర్థి వకీలు చేతిలో ఉంటుందన్న ఎరుకతో రాసుకోవాల్సిందే.

ప్రత్యర్థులు ఈ బలహీనతను కనిపెట్టకుండా ఉండరు. షికాగోలో యాపిల్, మోటొరోలా కేసును విచారించిన న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ ముందు యాపిల్ ఒక అడుగు ముందుకేసింది: ఆండ్రాయిడ్ అభివృద్ధికి, కొనుగోలుకు సంబంధించి గూగుల్ దగ్గరున్న పత్రాలు కూడా కావాలంది. గూగుల్ ఈ కేసులో కక్షిదారు కాదని మోటొరోలా అభ్యంతరం చెప్పింది. 2012 మార్చిలో పోస్నర్ యాపిల్ వైపే మొగ్గారు. గూగుల్ నుంచి ఆ సమాచారం రాబట్టే బాధ్యత మోటొరోలా మీద పెట్టారు. కొనుగోలు ఇంకా పూర్తికాలేదు. అయినా రెండు సంస్థలనూ కలిపి చూడటానికి న్యాయమూర్తికి రిజిస్టర్లో పేరు మారేదాకా ఆగాలనిపించలేదు.

జర్మనీలో జరిగింది మరీ విచిత్రం. 2011 డిసెంబరు 9న మాన్‌హైమ్ కోర్టు, ఫోన్లలో డేటా పంపడానికి కంపెనీలన్నీ పాటించే జీపీఆర్ఎస్ అనే సాంకేతిక ప్రమాణానికి చెందిన ఒక మోటొరోలా పేటెంట్ మీద యాపిల్‌కు వ్యతిరేకంగా ఇంజంక్షన్ ఇచ్చింది. మోటొరోలా దాన్ని అమలుకు పెట్టింది. 2012 ఫిబ్రవరి 3 ఉదయం యాపిల్ జర్మనీ ఆన్‌లైన్ దుకాణంలో ఐఫోన్ 4 సహా పాత ఐఫోన్లు, 3జీ ఐప్యాడ్లు కనిపించకుండా పోయాయి. కొద్ది గంటల్లోనే కార్ల్స్‌రూ పై కోర్టు తాత్కాలికంగా అమలు నిలిపివేయడంతో అవి తిరిగి అమ్మకానికొచ్చాయి. అదే రోజు మాన్‌హైమ్ కోర్టు మరో మోటొరోలా పేటెంట్ మీద ఇంకో ఇంజంక్షన్ ఇచ్చింది. దాని ఫలితంగా జర్మనీలోని ఐక్లౌడ్ వాడుకదార్లకు ఈమెయిళ్లు వచ్చిన వెంటనే ఫోనులో మోగే సదుపాయం ఫిబ్రవరి చివరివారం నుంచి ఏడాదిన్నరకు పైగా ఆగిపోయింది. చివరకు ఫిబ్రవరి 27న కార్ల్స్‌రూ కోర్టు జీపీఆర్ఎస్ పేటెంట్ ఇంజంక్షన్ అమలును అప్పీలు తేలేదాకా ఆపింది. ఇదంతా పాత దావాల కొనసాగింపే కాబట్టి ఒప్పందం మాట ప్రకారం గూగుల్ సమ్మతి అక్కర్లేదు. అయినా ఫిబ్రవరి 3న జరిగిందేమిటో గూగుల్‌కు బాగానే అర్థమైంది.

అయిదు రోజుల తరవాత, ఫిబ్రవరి 8న, గూగుల్ ఇలాంటి సాంకేతిక ప్రమాణాలను నిర్ణయించే సంస్థలకు ఒక లేఖ రాసింది. మోటొరోలా పేటెంట్లు తన చేతికొచ్చాక కూడా న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని షరతుల మీద లైసెన్సులిస్తానని, గరిష్ఠ రుసుము ఫోను ధరలో 2.25 శాతం దాటదని అందులో మాటిచ్చింది. ఇంకా తనవి కాని పేటెంట్లకు రేటు ప్రకటించడం ఈ మొత్తం వ్యవహారంలో బహుశా అన్నిటికన్నా విలక్షణమైన ఘట్టం. మధ్యకాలంలో మోటొరోలా చేసేదానికి తాను బాధ్యుణ్ని కాదంటూనే, కొనుగోలు తరవాతి కాలానికి అదే 2.25 శాతాన్ని తన సొంత రేటుగా చాటుకుంది. ఫిబ్రవరి 13న అనుమతిస్తూ అమెరికా న్యాయశాఖ ఈ హామీని గమనించింది. ప్రమాణాలకు చెందిన పేటెంట్ల గురించి యాపిల్, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హామీలతో పోలిస్తే గూగుల్ మాటలు అస్పష్టంగా ఉన్నాయని తన ప్రకటనలోనే రాసింది.

ఆ 2.25 శాతం ఎక్కడిదో తెలిస్తే విషయం ఇంకా విప్పారుతుంది. 2010 అక్టోబరులోనే మోటొరోలా మైక్రోసాఫ్ట్‌కు రెండు ఉత్తరాలు రాసి, వైఫై ప్రమాణానికీ హెచ్.264 వీడియో ప్రమాణానికీ చెందిన తన పేటెంట్ల కోసం సరుకు ధరలో 2.25 శాతం అడిగింది. వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్ మీద వీడియో పేటెంట్లకే 22 డాలర్ల 50 సెంట్లు అవుతుందని, ఆ ప్రమాణానికే చెందిన 2,300 పేటెంట్లున్న 29 ఇతర కంపెనీలు కలిసి అడిగేది రెండు సెంట్లేనని మైక్రోసాఫ్ట్ 2012 ఫిబ్రవరిలో బహిరంగంగా లెక్క చెప్పింది. మాన్‌హైమ్ కోర్టు మే 2న ఎక్స్‌బాక్స్, విండోస్ 7 మీద మోటొరోలాకు ఇంజంక్షన్ ఇచ్చింది. ఆ తీర్పు వస్తే అమలు పెట్టవద్దని సియాటిల్ న్యాయమూర్తి జేమ్స్ రోబార్ట్ ఏప్రిల్ 11నే మోటొరోలాను కట్టడి చేసి ఉంచారు. జర్మనీలో గెలిచిన తీర్పు అమెరికా ఉత్తర్వుతో పెట్టెలో ఉండిపోయింది. మరుసటి ఏడాది రోబార్ట్ లెక్కగట్టిన న్యాయమైన రుసుము ఏడాదికి సుమారు 18 లక్షల డాలర్లు. మోటొరోలా అడిగిన లెక్కన అది 400 కోట్లు అయ్యేది. రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని బట్టి, తొమ్మిది నెలలపాటు గూగుల్ చూస్తూ ఊరుకున్న బేరం ఎలాంటిదో అంచనా వేసుకోవచ్చు.

ఈ సమస్య భారతీయ కంపెనీలకు పరాయిది కాదు. అమెరికా మార్కెట్టులోకి జనరిక్ మందు తీసుకెళ్లే ప్రతి కంపెనీకి, హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల సంస్థలతో సహా, పేటెంట్ వ్యాజ్యం రోజువారీ వ్యాపారంలో భాగమే. 2008 జూన్ 11న జపాన్‌కు చెందిన దైచీ సాంక్యో వాటాకు 737 రూపాయల చొప్పున రాన్‌బాక్సీని కొంటున్నట్టు ప్రకటించింది. సరిగ్గా వారానికి, జూన్ 18న, కొలెస్టరాల్ మందు లిపిటార్ మీద ఫైజర్‌తో ఏళ్ల తరబడి నడిచిన పేటెంట్ పోరాటాన్ని రాన్‌బాక్సీ రాజీతో ముగించింది. అమెరికాలో తన మందు 2011 నవంబరు 30 నుంచి అమ్ముకునేలా తేదీ ఖాయం చేసుకుంది. కొనుగోలు పూర్తికావడానికి ఇంకా నెలల సమయం ఉండగానే కంపెనీలోని అతి విలువైన వ్యాజ్యం ఒక తేదీగా మారిపోయింది. భారత పోటీ చట్టంలోని 6(2ఎ), 43ఎ సెక్షన్లు అనుమతికి ముందు కొనుగోలును అమల్లో పెట్టడాన్ని నిషేధిస్తాయి, జరిమానా వేస్తాయి. అమెజాన్, ఫ్యూచర్ కూపన్స్ వ్యవహారంలో 2021 డిసెంబరులో పోటీ కమిషన్ 202 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు అందులో 200 కోట్లు ఈ 43ఎ సెక్షన్ కిందే పడ్డాయి. దావాల మీద సమ్మతి హక్కు రాసుకునే మన కంపెనీలు కూడా ఈ సెక్షన్లను పక్కన పెట్టుకునే రాయాలి.

మోటొరోలా కథలో లెక్కలు తేలింది చాలా ఆలస్యంగా. కొనుగోలు పూర్తయిన నెలకే, 2012 జూన్ 22న, పోస్నర్ ఇరుపక్షాల వాదనలూ తోసిపుచ్చి కేసు కొట్టేశారు. ప్రమాణ పేటెంట్లతో ఇంజంక్షన్లు కోరడం మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013 జనవరిలో గూగుల్‌తో రాజీ ఉత్తర్వు కుదుర్చుకుంది. యూరోపియన్ కమిషన్ 2014 ఏప్రిల్ 29న, మాన్‌హైమ్ ఇంజంక్షన్ కోరి అమలు పెట్టడం పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అలాంటి కేసుల్లో ముందు తీర్పులు లేవన్న కారణంతో జరిమానా వేయలేదు. ఆ పని ప్రధానంగా జరిగింది మధ్యకాలంలోనే. నిర్ణయం మోటొరోలా మొబిలిటీ పేరు మీద వచ్చింది.

అప్పటికి మోటొరోలా మరో మధ్యకాలంలో ఉంది. 2014 జనవరి 29న గూగుల్ ఆ కంపెనీని 291 కోట్ల డాలర్లకు లెనోవోకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. అది పూర్తయింది అక్టోబరు 30న. ఈసారి పేటెంట్లలో అధికభాగాన్ని గూగుల్ తన దగ్గరే అట్టిపెట్టుకుంది, లెనోవోకు వెళ్లినవి సుమారు 2,000. రెండు తేదీల నడుమ, మే 16న, తమ మధ్య నేరుగా నడుస్తున్న దావాలన్నిటినీ ఎత్తివేసుకుంటున్నట్టు ఒక ఉమ్మడి ప్రకటన వెలువడింది. దాని మీద ఉన్న పేర్లు రెండే, యాపిల్, గూగుల్. పేటెంట్ లైసెన్సులు మాత్రం ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోలేదు.